కూలింగ్ కాయిల్ కోసం డాష్‌బోర్డు ఫ్రేము దించాం

కారు ఏసీలో కూలింగ్ కాయిల్ పోయిందని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది కాయిల్ ధరే. నేనూ అదే అడిగాను. ధర విని పర్లేదనుకున్నాను. కాయిల్ దాకా చేరడానికి ఎంత విప్పాలో తెలిశాక గానీ అసలు ఖర్చు ఎక్కడుందో అర్థం కాలేదు. మా కారులో డాష్‌బోర్డు విప్పితే సరిపోదు. దాని వెనక ఈ డోరు స్తంభం నుంచి ఆ డోరు స్తంభం దాకా అడ్డంగా ఉండే ఇనుప ఫ్రేమును కూడా బయటికి తీయాలి. శ్రీకాకుళంలో మేం ఎప్పుడూ వెళ్లే షెడ్డులో ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఉన్నాను. పానాలు అందించాను, బోల్టులకు పేర్లు రాసిపెట్టాను.

కారు పన్నెండేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. టాప్ వేరియంట్ కాబట్టి ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. కంపెనీ పేరు చెప్పను. కాయిల్ ఇలా ఫ్రేము వెనక ఇరుక్కుని ఉండే కార్లు చాలానే ఉన్నాయి.

ఉగాదికి గ్యాస్ పట్టిస్తే రోహిణి కార్తెకల్లా ఏసీ గాలి ఫ్యాను గాలి అయిపోయేది. మా వైపు ఎండ కంటే ఉక్క ఎక్కువ. అద్దాలు దించుకుని ఎచ్చెర్ల దాకా వెళ్లేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. కంప్రెసర్, కండెన్సర్, పైపుల జాయింట్లు అన్నీ సబ్బు నీళ్లతో చూశారు, ఎక్కడా బుడగ రాలేదు. చివరికి సిస్టంలోకి మెరిసే రంగు (డై) ఎక్కించి, కొన్నాళ్లు తిరగనిచ్చి, ఏసీ నీళ్లు కారే గొట్టం చివర అతినీలలోహిత లైటు వేసి చూస్తే ఆకుపచ్చగా మెరిసింది. లీకు లోపల కాయిల్‌లోనే అని తేలింది. బయట ఎక్కడా దొరకని లీకు ఆ గొట్టం దగ్గర బయటపడుతుంది, ఎందుకంటే కాయిల్ మీద పేరుకున్న తేమ, దాంతో పాటు కాయిల్ నుంచి చెమర్చే నూనె, రెండూ అటే దిగుతాయి.

విశాఖలో ఒక వర్క్‌షాపు వాళ్లు ఫ్రేము దించకుండానే చేసేస్తామన్నారు. కాయిల్ ఉండే ఏసీ బాక్సు ప్లాస్టిక్‌ను పక్క నుంచి కోసి, కాయిల్ లాగేసి, కొత్తది తోసి, కోసిన ముక్కను మళ్లీ అతికిస్తారట. సగం కూలీ, సగం టైము. మా మేస్త్రీని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "కోసీడం ఎంతసేపు మాస్టారూ. అతికించీసినా ఆ సందులోంచి నీళ్లు కారతాయి. కార్పెట్ తడిసి కుళ్లు కంపు కొడతాది. ఆ కింద వైరింగ్ ఉంది, అది ఏటవుద్దో సెప్పనేను." నాకు ఆ మాట నచ్చింది. ఇప్పుడు లోపల చూశాక ఇంకా నచ్చింది. కోసే పద్ధతిలో కాయిల్ మారుతుంది గానీ బాక్సులో ఉన్న చెత్త, పాడైన ఫోము, ముదిరిన తుప్పు ఎవరి కంటా పడవు.

మొదట గ్యాస్. మా కారులో ఆర్-134ఏ. మిగిలిందేదో కాస్తే గదా అని గాల్లోకి వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఊళ్లోనే ఏసీ పని చేసే ఒకాయన దగ్గర రికవరీ మిషను ఉంటే అక్కడ లాగించుకుని వచ్చాం. తర్వాత ఇంజను చల్లారనిచ్చి కూలెంట్ దించారు. వేడి గాలి కోసం ఇంజను నుంచి లోపలికి వెళ్లే రెండు రబ్బరు పైపులు ఏసీ బాక్సులోకే వెళ్తాయి, వాటినీ ఊడదీయాలి. శ్రీకాకుళంలో హీటరు ఎవడు వాడతాడు అనుకుంటాం గానీ పైపుల్లో నీళ్లు మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి.

బ్యాటరీ నెగెటివ్ తీశాక మేస్త్రీ టీకి వెళ్దామన్నాడు. ఆ టీ పనిలో భాగమే. ఎయిర్‌బ్యాగు కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్ ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ వైరు తెగిపోయినా బ్యాగు తెరుచుకునేంత కరెంటును అది దాచి ఉంచుతుంది. అది ఖాళీ అయ్యేదాకా ఎయిర్‌బ్యాగు వైర్లు కలిసే పసుపు రంగు కప్లర్ల జోలికి పోకూడదు. ఆ కప్లర్లకు మల్టీమీటరు పెట్టి చూడటం కూడా కూడదు, మీటరు పంపే చిన్న కరెంటే బ్యాగును పేల్చే అవకాశం ఉంది. విప్పిన బ్యాగును బల్ల మీద పెట్టేటప్పుడు కవరు వైపు పైకి ఉండాలి. బోర్లా పెట్టింది పేలితే ఆ లోహపు డబ్బా పైకప్పుకి ఎగురుతుంది. మేస్త్రీ మేనల్లుడు, పని నేర్చుకుంటున్న కుర్రాడు, దాన్ని బోర్లా పెట్టబోతే "ఒరే గుంటడా, తిప్పి పెట్రా" అని గట్టిగా అరిచాడు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది, 2021లో పక్క సీటుకూ ఆ నిబంధన వచ్చింది. ఇకమీదట షెడ్డుకొచ్చే కార్లలో ఈ పసుపు కప్లర్లు ఉన్నవే ఎక్కువవుతూ పోతాయి. ఆ అరుపు కుర్రాడికి జీవితాంతం పనికొస్తుంది.

సీట్లు తీయకుండానూ చేయవచ్చట, కానీ చోటు కోసం రెండూ తీసేశారు. గేరు చుట్టూ ఉండే కన్సోల్, అద్దం పక్క స్తంభాల మీది ప్లాస్టిక్, డోరు బీడింగ్, గ్లవ్ బాక్సు, స్టీరియో, మీటరు బోర్డు వరసగా ఊడి వచ్చాయి. ఇక్కడిదాకా ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేయగలరు. క్లిప్పులు విరగకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపడం ఒక్కటే నేర్పు. నేను కవర్లలో స్క్రూలు వేసి మార్కరుతో రాస్తూ పోయాను: "మీటరు కింద", "గ్లవ్ బాక్సు పైన", "కుడి కాలి దగ్గర". మేస్త్రీకి ఇవన్నీ నోటికే ఉంటాయి. కానీ పని సగంలో ఆగి, పార్టు కోసం ఎదురు చూసి, మళ్లీ మొదలైనప్పుడు ఆ రాతలే చూసుకున్నారు.

ఏసీ నాబుల దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. మా కారులో ఏసీ మాన్యువల్. వేడి-చల్లన నాబు, గాలి కాళ్లకా ముఖానికా అని తిప్పే నాబు, రెండూ సన్నటి తీగ కేబుళ్లతో బాక్సు మీది లీవర్లను లాగుతాయి. ఊడదీసే ముందు నాబును ఒక చివరకు తిప్పి, లీవరు ఎక్కడుందో, కేబులు తొడుగు క్లిప్పులో ఎంత లోపలికుందో ఫొటో తీసుకోవాలి. అది కొంచెం పక్కకు జరిగినా చల్లగా తిప్పినప్పుడు బాక్సు లోపల హీటరు వైపు తలుపు పూర్తిగా మూసుకోదు, హీటరు వేడి సన్నగా కలుస్తూనే ఉంటుంది. అప్పుడు కొత్త కాయిల్ వేసినా చల్లదనం రాలేదని మళ్లీ గ్యాసు మీద అనుమానపడతారు.

స్టీరింగు దగ్గర మేస్త్రీ మాటలు తగ్గించాడు. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగు, దాని రాడ్డు కలిసే చోట తెల్ల పెయింటుతో గీత పెట్టాడు. స్టీరింగు వెనక గుండ్రటి డబ్బాలో ఎయిర్‌బ్యాగుకు, హారనుకు కరెంటు తీసుకెళ్లే పల్చటి కేబులు చుట్టి ఉంటుంది. ఊడదీశాక అది తనంతట తాను తిరిగిపోతే మళ్లీ బిగించి ఓ పక్కకు పూర్తిగా తిప్పగానే పుటుక్కున తెగుతుంది. అందుకని దాన్ని టేపుతో బంధించాడు. కింద పెడళ్ల దగ్గర స్టీరింగు జాయింటుకూ గీత పెట్టి, బోల్టు తీసి, కాలమ్‌ను దించాడు. మా కారులో పవర్ స్టీరింగు మోటారు కాలమ్ మీదే ఉంది. నాలుగు నట్లు వదిలాక చేతిలోకి వచ్చే బరువు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రోజూ మనం పట్టుకుని ఊగే ఆ చక్రం, దాని మోటారు, మొత్తం ఈ ఫ్రేముకే వేలాడుతోంది.

ఆ తర్వాత డాష్‌బోర్డు. పైకి కనిపించే ఆ నల్లటి ప్లాస్టిక్ చూడ్డానికి పెద్దదే గానీ బలం లేనిది. దాచిన స్క్రూలు అద్దం అంచున, పక్కల డోరు తెరిస్తే కనిపించే మూతల వెనక ఉంటాయి. ఎంత లాగినా ఎడమ వైపు రాలేదు. పక్క సీటు ఎయిర్‌బ్యాగు డాష్‌బోర్డుకి కాదు, కింద నుంచి ఫ్రేముకి బిగించి ఉంది. అలా ఉండటానికి కారణముంది. బ్యాగు పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని ప్లాస్టిక్ తట్టుకోలేదు, ఇనుమే ఆపాలి. ఆ రెండు బోల్టులూ వదిలాక ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఎడమ డోరు లోంచి బయటికి తెచ్చారు.

అప్పుడు ఫ్రేము మొదటిసారి పూర్తిగా కనిపించింది. నల్ల పెయింటు వేసిన లావుపాటి ఇనుప గొట్టం, డ్రైవరు వైపు కొంచెం ఎక్కువ లావు. దాని నుంచి కిందికి రెండు కాళ్లు గేరు దగ్గర నేలకి దిగాయి. అంగుళం ఖాళీ లేకుండా బ్రాకెట్లు. కావడి బద్దకు వేలాడదీసినట్టు ఏసీ బాక్సు, బ్లోయరు, ఫ్యూజుల పెట్టె, కంప్యూటర్లు, స్టీరింగు, బ్రేకు పెడలు పైభాగం, పిడికిలంత మందం వైరింగ్ కట్ట అన్నీ దాని మీదే. అది ఊరికే వస్తువులు మోయడానికే ఉంటే ఇంత గట్టిగా చేయక్కర్లేదు. పక్క నుంచి ఇంకో బండి గుద్దినప్పుడు రెండు స్తంభాలు లోపలికి ముడుచుకోకుండా అడ్డుకోవడం, స్టీరింగు వణకకుండా పట్టుకోవడం కూడా దాని పనే. ఖరీదైన కార్లలో కొన్నింటికి దీన్ని అల్యూమినియంతోనో మెగ్నీషియంతోనో చేసి బరువు తగ్గిస్తారు. మాది మామూలు ఉక్కు.

ఫ్రేము దించడంలో బలం ఉపయోగించే పని చాలా తక్కువ. దాని మీద నుంచి ఒక్కొక్కటీ విడదీయడమే పని. వైరింగ్ కట్టను పట్టి ఉంచే క్లిప్పులు లెక్కలేనన్ని. ఒక్కో క్లిప్పు ముక్కు నొక్కి వదిలించాలి, పట్టుకుని లాగితే తెగిపోతుంది. వైరింగ్‌ను కింద వదిలేయకుండా అద్దం అంచు నుంచి గుడ్డ పట్టీలతో పైకి కట్టి ఉంచారు. ఎర్తు వైర్లు మూడు చోట్ల ఫ్రేముకే బిగించి ఉన్నాయి. వాటి ఫొటోలు నేను రెండేసి తీశాను. ఎర్తు ఒకటి మరిచిపోతే వచ్చే జబ్బులు వింతగా ఉంటాయి. ఇండికేటరు వేస్తే మీటరు ముల్లు కదులుతుంది, ఎక్కడ వెతకాలో తెలియదు.

బోల్టులన్నీ తీశారనుకున్నాక కూడా ఫ్రేము కదల్లేదు. మేస్త్రీ బయటికి వెళ్లి వైపర్లు విప్పడం మొదలుపెట్టాడు. లోపలి పనికి వైపర్లెందుకో నాకు అర్థం కాలేదు. అద్దం కింద ఉండే ప్లాస్టిక్ జాలీ తీశాక చూస్తే ఇంజను వైపు నుంచి గోడ లోంచి లోపలికి పోయే బోల్టు ఒకటుంది. అది ఫ్రేముదే. తెలియనివాళ్లు ఇక్కడే సుత్తి అందుకుంటారు, ఫ్రేము చెవి వంగిపోతుంది.

ఆ జాలీ కింద ఆకులు పేరుకుని నీళ్లు పోయే దారి మూసుకుపోయి ఉంది. ఎడమ పక్క స్తంభం దగ్గరి బోల్టు తుప్పు పట్టి కదలకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ కారు కాశీబుగ్గలో మా అత్తవారింటి ముందు ఆరుబయట ఉంది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయిన ఆ రాత్రి కారు మీద కొమ్మలు పడి సొట్టలు పడ్డాయి. సొట్టలు బాగు చేయించాం గానీ జాలీ కింద చేరిన ఆకుల సంగతి ఎవరికీ తట్టలేదు. అప్పటి నుంచి ప్రతి వానకీ కొంచెం నీరు ఆ మూల నుంచి లోపలికి జారుతోందన్నమాట.

ఆ బోల్టు స్తంభం లోపల వెల్డు చేసిన నట్టులోకి పోతుంది. విరిగిపోతే స్తంభం కోయాల్సి వస్తుంది. వేడి చేస్తే చుట్టూ ఫోము, వైర్లు కాలతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశారు. పొద్దున్న వదులు చేసే ముందు రవ్వంత బిగించాడు, అప్పుడు వెనక్కి తిప్పాడు, మళ్లీ బిగించాడు. టక్ మని చప్పుడు వచ్చినప్పుడు విరిగిందేమోనని టెన్షన్ పడ్డాను. విడిపోయిన చప్పుడే అది. మరలు అరిగిపోయాయి కాబట్టి ఆ బోల్టు మళ్లీ వాడలేదు. తల మీద 8.8 అని ఉన్న అదే సైజు కొత్తది తెప్పించాడు. ఆ అంకె బోల్టు బలాన్ని చెబుతుంది. చేతికి దొరికిన మామూలు బోల్టు ఇక్కడ పెట్టకూడదు.

కుడి పక్క ఇంకో విశేషం ఉంది. ఫ్రేముకూ స్తంభానికీ మధ్య సందు సర్దడానికి ఉల్టా మరలున్న చిన్న బుష్ ఒకటి. తీసేటప్పుడు దాన్ని లోపలికి తిప్పేయాలి, బిగించేటప్పుడు స్తంభానికి ఆనేదాకా బయటికి రప్పించాలి. అది సరిగ్గా ఆనకుండా బోల్టు బిగిస్తే స్తంభం రేకునే లోపలికి లాగేస్తుంది.

చివరికి ఫ్రేమును ఇద్దరే తేలిగ్గా ఎత్తారు. కుడి చివర ముందు వదిలించి, కొంచెం తిప్పి, ఎడమ డోరు లోంచి ఏటవాలుగా బయటికి. అంత హంగామా చేసిన వస్తువు ఇంత తేలికా అనిపించింది.

ఏసీ బాక్సు తెరిచాక కుర్రాడు "మావా, ఇటు సూడు" అన్నాడు. బ్లోయరు పక్కన ఎలక గూడు. చింపిన ఫోము, గుడ్డ పీలికలు, వేప పుల్లలు, జీడి పిక్కల తొక్కలు. కాశీబుగ్గ ఎలకలకు జీడికి కొదవా. కాయిల్ ముందు భాగం మొత్తం మట్టితో అట్ట కట్టి, ఒక మూల నూనె మరక. అదే లీకు. తడిసిన మట్టి, చెత్త ఎప్పుడూ అంటుకుని ఉంటే అల్యూమినియం పల్చటి గొట్టాలకు సన్నటి చిల్లులు పడతాయి. ఫిల్టరు పెట్టే గాడి బాక్సులో ఉంది, ఫిల్టరు మాత్రం లేదు. ఆ రోజుల్లో చాలా కార్లకు గాడి ఇచ్చి ఫిల్టరు ఇచ్చేవారు కాదు.

కొత్త కాయిల్‌తో పాటు కాయిల్‌లోకి గ్యాసును కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు, జాయింట్ల రబ్బరు రింగులు అన్నీ కొత్తవే వేశాం. లోపల తలుపుల అంచున పొడిగా రాలిపోతున్న ఫోము తీసి కొత్త ఫోము టేపు అతికించారు. హీటరు కాయిల్ బాగానే ఉందని మేస్త్రీ అన్నా నేను మార్పించాను. దాని కోసం ఇంకోసారి ఇదంతా దించే ఓపిక ఎవరికీ లేదు. నీళ్లు పోయే గొట్టంలోకి మగ్గుతో నీళ్లు పోసి కిందికి ధారగా పడుతున్నాయో లేదో చూశాకే బాక్సు లోపలికి వెళ్లింది.

బిగించడంలో నేను పట్టుబట్టింది ఒక్కటే. ఫ్రేముకి, స్టీరింగు కాలమ్‌కి టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, వాడమన్నాను. "సెయ్యి సెప్పేస్తాది మాస్టారూ" అని నవ్వాడు. హెడ్డు బోల్టులకు వాడే రెంచి షెడ్డులోనే ఉంది గదా అంటే తెచ్చాడు. ఫ్రేము బోల్టులన్నీ ముందు చేత్తో నాలుగు మరలు ఎక్కించి వదులుగా ఉంచి, ఆ తర్వాతే పక్కలవి, గోడవి, నేల కాళ్లవి ఆ వరసలో బిగించాడు. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే మూడోదాని కన్నం కలవదు. ఎర్తు చోట్లు గరుకు కాగితంతో రుద్ది బిగించారు. వైరింగ్ ఎక్కడా ఫ్రేము కింద నలగలేదని టార్చి వేసి నేనూ చూశాను. ప్లాస్టిక్, ఇనుము రాసుకునే చోట్ల గుడ్డ టేపు చుట్టారు.

బ్యాటరీ కలిపి తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోయింది. ఆరకుండా ఉండిపోతే మళ్లీ పసుపు కప్లర్లు చూడాలి. ఏసీ మిషను దగ్గర అరగంట పైగా వాక్యూమ్ పెట్టించి, ఆపి, ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూశాం. లోపలి తడి పోవడానికి ఆ వాక్యూమ్ అవసరం. గాలి అంతా లాగేస్తే నీరు మన ఊరి మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. గ్యాసు బానెట్ కింది స్టిక్కరు మీదున్న గ్రాముల ప్రకారం తూకం వేసి పట్టించాం. పైపు పట్టుకుని "సల్లగుంది సాలు" అనే లెక్కకు నేను ఒప్పుకోలేదు.

కాయిల్ కంటే కూలీయే ఎక్కువైంది. న్యాయమే. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఓసారి రమ్మన్నాడు. అరసవల్లి వైపు గతుకుల్లో ఎడమ పక్క సన్నగా టిక్ టిక్ మంటోందని చెప్పాను. గ్లవ్ బాక్సు తీసి, ఫ్రేము బోల్టులు మళ్లీ రెంచితో చూశాడు, అవి కదల్లేదు. చప్పుడు ఒక వైరింగ్ క్లిప్పుది, గాడిలో సగమే కూర్చుంది. దాన్ని నొక్కి, జాలీ కింద ఆకులు చేరాయేమో కూడా చూసి, డబ్బులు తీసుకోకుండా పంపించాడు.